మూడుమారులు నిలిచిన ప్రయాణము



క్రిందటి నెలలో కొత్త చింతపండు నిలువచేయు విధమును గూర్చి వ్రాసితిమి. ఈ నెలలో ఆవకాయ జాడీల సంగతి వ్రాయుదమని కాగితములు ముందిడుకొని కూర్చుంటిమి గాని, మనసు జాడీలమీద నిలువకున్నది. మా యింట నిప్పుడు వినబడునది యొక్కటే మాట: ప్రయాణము. మా యమ్మాయి పదవతరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట, రాత్రి గౌతమి యెక్కి, తెల్లవారి సికింద్రాబాదులో దిగి, ఒకనాడు రామోజీ ఫిలిం సిటీని, మరునాడు రావిర్యాలలోని వండర్లాను చూచి రావలెనని మా సంకల్పము. ఇది యీ యేట పుట్టిన సంకల్పము కాదు, ఆరేండ్లనాటిది. మూడుమారులు దినము నిర్ణయించుకొంటిమి, మూడుమారులును నిలిచిపోయినది.

"రెండు దినముల విహారమునకు ఇంత పురాణమేల?" యని మీలో కొందరు నవ్వవచ్చును. హైదరాబాదులో నుండువారికి అది యొక ఆదివారపు పని. గోదావరి యొడ్డున నున్న బడిపంతులు ఇంట, నలుగురికి రైలు, బస, ప్రవేశము, భోజనము లెక్కవేసినచో, అది యొక సంవత్సరపు నిలువ. మేము పొరుగుపిల్లలకు పద్యములు చెప్పగా వచ్చిన సొమ్ము డిబ్బిలో వేసి దానిని కూడబెట్టితిమి.

ఈ స్థలముల నెరుగని సోదరీమణుల కొరకు రెండు మాటలు. ఫిలిం సిటీ 1996లో వెలసినది. ప్రపంచములోని చలనచిత్ర నిర్మాణస్థలము లన్నిటిలో పెద్దదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 2015లోను 2017లోను వచ్చిన బాహుబలి చిత్రముల కోటలు అక్కడ కట్టినవే. వండర్లావారు 2000లో కొచ్చిలోను, 2005లో బెంగుళూరులోను యంత్రపు టుయ్యాలలు, నీటి యాటలు గల తోటలను నెలకొల్పి, 2016లో హైదరాబాదునకు వచ్చిరి. మా తాతగారి కాలపువారికి వీనిని వర్ణింపవలెనన్న మయసభ యని యొక్కమాట చెప్పిన చాలును. ఖాండవ దహనమున ప్రాణము దక్కిన మయుడు ఆ కృతజ్ఞతతో ధర్మరాజునకు కట్టియిచ్చిన సభలో, నేల నీరువలెను నీరు నేలవలెను కనబడెనట. నేడు మనము సొమ్మిచ్చి లోనికి పోయి, ఆ భ్రమనే చూచి సంతోషించుచున్నాము.

ఇక మా ప్రయాణపు చరిత్ర. మొదటిమారు 2020. అప్పుడు మా యమ్మాయికి తొమ్మిదేండ్లు. వేసవి సెలవులకు టిక్కెట్లు కొనియుంటిమి. మార్చి 25వ తేదీనుండి దేశమంతయు తలుపులు మూసికొన్నది, రైళ్లే నిలిచిపోయినవి. రెండవమారు 2022. మా యత్తగారు పెరటిలో జారిపడగా తుంటియెముక విరిగినది. డిబ్బిలోని సొమ్ము శస్త్రచికిత్సకు పోయినది, పోవలసినదే. మూడవమారు 2024. సెప్టెంబరు 1వ తేదీ రాత్రి బయలుదేరవలెను. ఆ వానలకు బుడమేరు పొంగి బెజవాడలో పేటలకు పేటలు మునిగినవి. మహబూబాబాదు జిల్లాలో రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి బండ్లు రద్దయినవి. సర్దిన పెట్టెను విప్పుచు మా యమ్మాయి, "డాబాలెక్కి మంచినీళ్ల కోసం చూస్తున్నారమ్మా వాళ్లు. మనకేమైంది?" అన్నది.

ఆ మాటకు మేమెంతయు సంతోషించితిమి. ఆ సంతోషమున నొక విషయమును గమనింపమైతిమి. మొదటిమారు రెండు దినములు ఏడ్చిన పిల్ల, రెండవమారు ఒకపూట అలిగిన పిల్ల, మూడవమారు పెట్టెను అటకమీదికి చేర్చి పాఠము చదువుకొనబోయినది.

మొన్నటి మాఘమాసమున నొకనాటి సాయంకాలము, టిక్కెట్ల తేదీలు చూచుకొనుచుంటిమి. మునుపు 120 దినములకు ముందే టిక్కెట్లు దొరకెడివి గాని, 2024 నవంబరు 1వ తేదీనుండి రైల్వేవారు దానిని 60 దినములకు తగ్గించిరి. ఏ తేదీ వేయమందువని మా యమ్మాయి నడిగితిమి. ఆమె పుస్తకమునుండి తలయెత్తకయే, "ఈ యేడు వద్దులేమ్మా. ఆ డబ్బు హాస్టలుకు పనికొస్తుంది" అన్నది.

మా జిల్లాల రీతి మీకు తెలిసినదే. పదవతరగతి ముగియగానే అనేకులు ఇంటర్మీడియటు చదువునకు బెజవాడకో, గుంటూరునకో, విశాఖపట్టణమునకో పోయి వసతిగృహములలో నుందురు. జూను నెలలో మా యమ్మాయియు పోవును. ఆ పిమ్మట ఏ చదువో, ఏ యూరో! ఇంటిపిల్లగా ఆమె మాతో చేయు కడపటి ప్రయాణ మిదేనేమో యని మేము లోలోపల లెక్కించుకొనుచుంటిమి. ఆమెకు మాత్రము చెప్పియుండలేదు.

మా వారు, "పిల్లకు వివేకము కలిగినది" యని మురిసిరి. మాకా రాత్రి నిద్ర పట్టలేదు. పదునైదేండ్ల పిల్లకు వివేకము కలుగుట మంచిదే. కోరిక చచ్చి, ఆ చోట మొలచిన వివేకము మంచిదా?

మరునాడు తల దువ్వుచు అడిగితిమి. తల్లికూతుండ్ర మాటలకు తల దువ్వు సమయమును మించినది లేదు. ఒకరి ముఖ మొకరికి కనబడదు. జడ ముగియువరకు లేచిపోవుటకును వీలుండదు. మొదట మరల రుసుముల మాటయే చెప్పినది. పిదప, స్నేహితురాండ్రు ముందుముందు కళాశాలవారితో పోవుదురనియు, అమ్మతో పోయితినని చెప్పిన నవ్వుదురనియు అన్నది. ఆ పిదప గొంతు తగ్గించి, "ఆ రోజులు సరిగ్గా అప్పుడే వస్తే?" అన్నది. జడ చివరకు వచ్చినది. రిబ్బను కట్టుచుండగా అసలు మాట వెలుపడినది. "అనుకున్నప్పుడల్లా ఆగిపోతుంది కదమ్మా. ఆశపడకుండా ఉంటే, ఆగినా ఏమీ అనిపించదు."

మా చేతిలోని రిబ్బను జారిపోయినది. మూడు విపత్తులలోను మా తప్పు లేదు. కాని వానినుండి మా పిల్ల నేర్చిన పాఠము ఇదియా!

ఒక్కొక్క మాటకే సమాధానము చెప్పదలచితిమి. రుసుముల సంగతికి జమాఖర్చుల పుస్తకము ముందుంచితిమి. వసతిగృహపు సొమ్ము వేరుగా నున్నదని, డిబ్బి సొమ్ము దానిలోనుండి తీసినది కాదని అంకెలతో చూపితిమి. పిల్లలకు లెక్కలు దాచుట వారిని కాపాడుట యని మన మనుకొందుము. దాచిన లెక్కను వారు తమ మనసులో రెండింతలు చేసికొని మోయుదురు. సోదరీమణులారా, ఈ పొరపాటు మేము చేసితిమి, మీరు చేయవలదు.

స్నేహితురాండ్ర మాటకు వాదింపలేదు. "వారితోను పోవుదువుగాని. అప్పుడు దేనిలో నెక్కవలెనో వారికి నీవే చెప్పవచ్చును" అంటిమి. అది ఆమెకు కొంత నచ్చినట్లు కనబడెను.

మూడవ మాటను గూర్చి చుట్టు త్రిప్పి వ్రాయుట మన పుటలలో అలవాటు. మేము సూటిగనే వ్రాయుదుము. రజస్వలయైన మొదటి కొన్ని యేండ్లలో నెలసరి యొక లెక్కకు లోబడదు. 21 దినములకు రావచ్చును, 45 దినములకు రావచ్చును. అది రోగము కాదు. కావున పంచాంగము చూచినట్లు తేదీ చూచి భయపడుట వ్యర్థము. దానిని వెనుకకు జరుపు మాత్రలు మందులకొట్టులో దొరకునని పొరుగింటివారు చెప్పుదురు. అవి మిఠాయిబిళ్లలు కావు. శరీరములోని గ్రంథిరసముల నడకను మార్చునవి, కొందరికి తగనివి. వైద్యురాలిని అడుగక పిల్లకు ఈయరాదు. ఒక విహారమునకై అంత పని యేల యని మేము వలదనుకొంటిమి. ఆ దినములలో నీటిలో దిగినంతమాత్రమున హాని లేదు; గుడ్డపట్టీ నీటిలో పనిచేయదు, అంతియే చిక్కు. కావున నీటి యాటలున్న తోటను రెండవనాటి కుంచితిమి. అవసరమైనచో దినములు మార్చుకొందుము. అదియు కానిచో ఆనాడు నేలమీది యాటలతోనే తృప్తిపడుదుము. ఒక ముదురురంగు దుస్తులజత, కావలసిన పట్టీలు సంచిలో నుండును.

ఇంత పట్టుదల మాకెందులకనగా, మా పుట్టినిల్లు కోనసీమ. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరు తీర్థమును మీలో కొందరైన చూచియుందురు. మాకు పదమూడేండ్లప్పుడు, సరిగా ఆ పండుగనాడే, ఈ కారణముననే మమ్ము ఇంట విడిచి అందరును పోయిరి. వీధిలో ప్రభల గంటలు వినుచు వసారాలో నొంటిగా కూర్చుంటిమి. దేవుని యెడ పెద్దల నియమము వేరు. దానిని గూర్చి ఇక్కడ తర్కింపము. కాని గిరగిర తిరుగు రంగులరాట్నమునకును ఆ నియమమునకును సంబంధమేమి? ఈ కారణమున మా కూతురు ఇంట నుండుట జరుగదు.

కడపటి మాటకు మా యొద్ద ప్రమాణము లేదు. వాన రాదని చెప్పలేము. ఎవరును జారిపడరని చెప్పలేము. "మా వలన మాత్రము ఆగదు. దైవికముగా ఆగినచో, ఆనాడే మరియొక తేదీ వ్రాసికొందుము" అని మాత్రము మాట యిచ్చితిమి. మా వారు ఒక సంగతి చదివి చెప్పిరి. నెదర్లాండ్సు దేశమున 1,530 మందిని ప్రశ్నించి, 2010లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదట. వారిలో 974 మంది విహారమునకు పోయిరి. పోవువారు, పోనివారికన్న ఎక్కువ సంతోషముగా నుండినది ప్రయాణమునకు ముందటి దినములలో! తిరిగివచ్చిన పిమ్మట, మిక్కిలి విశ్రాంతిగా గడపిన కొందరికి తప్ప, తక్కినవారికిని ఇంట నున్నవారికిని చెప్పదగిన భేదము లేకపోయెనట. ఇది విన్నప్పుడు మాకు తోచినది: ఎదురుచూచుట ప్రయాణమునకు వాకిలి యనుకొందుము గాని, అది ప్రయాణములో సగము భాగము. బండి రద్దయినచో టిక్కెట్టు సొమ్ము తిరిగివచ్చును. ఆశపడకుండ గడపిన దినములు తిరిగిరావు. ఈ మాటనే మా యమ్మాయికి చెప్పితిమి. ఆమె బదులు చెప్పలేదు. కాని ఆ సాయంకాలము అటకమీది పెట్టె క్రిందికి దిగినది.

అది మొదలు ఇల్లు ఇల్లుగా లేదు. మా వారు తోటకు నీరుపెట్టు రబ్బరుగొట్టమును నిలువున చీల్చి, అరుగుమీద కొండలు, లోయలు కట్టి, గోళీ విడిచి, రోలరుకోస్టరు నడచు విధమును బోధించుచున్నారు. బండిని మొదటి మిట్టకు గొలుసు లాగును. అక్కడినుండి దానికి ప్రత్యేకముగా లాగువారుండరు. ఎక్కిన యెత్తే దాని మూలధనము. దిగునపుడు ఆ ధనము వేగమగును, ఎక్కునపుడు వేగము మరల ఎత్తగును. దారిలో రాపిడి కొంత సుంకము పుచ్చుకొనును. కావుననే అట్టి బండికి తరువాతి మిట్టలు మొదటిదానికన్న తక్కువగా నుండవలెను. తలక్రిందులుగా త్రిప్పు చుట్టు వట్టి వృత్తము కాదనియు, నీటిబొట్టువలె పైన సన్ననైన దనియు వారు గీసి చూపిరి. అమెరికాలోని కోనీ ఐలాండున 1895 ప్రాంతమున గుండ్రని చుట్టు కట్టగా ఎక్కినవారి మెడలు నొచ్చెనట. ఆ చిక్కు తీర్చిన క్రొత్త రూపము 1976లో కాలిఫోర్నియాలో వచ్చినది. మా చిన్నవాడు గోళీని తక్కువ యెత్తునుండి విడిచి, అది వెనుకకు జారుట చూచి, "మూలధనం చాల్లేదు నాన్నా!" యని చప్పట్లు చరచుచున్నాడు.

ఆ చిన్నవానికి వేరొక దుఃఖము కలదు. పెద్ద యంత్రము లెక్కుటకు 140 సెంటీమీటర్ల యెత్తుండవలెనని 2020లో మా వారు విని వచ్చి చెప్పినపుడు, మా యమ్మాయి నడిమింటి ద్వారబంధముమీద ఆ యెత్తున ఎఱ్ఱ పెన్సిలుతో గీత గీసినది. ప్రతి యుగాదికిని దాని ప్రక్కన నిలువబడి గురుతు పెట్టుకొనెడిది. ఆ గీత దాటిన యేడు మా యత్తగారు మంచమున నుండిరి. దాటినదని యెవరును గమనింపలేదు. ఆ గురుతులను మొన్న చూచినపుడు మా కడుపు తరుగుకొనిపోయినది. ఇప్పుడు తొమ్మిదేండ్ల తమ్ముడు ప్రతి యుదయమును ఆ గీతక్రింద మడమలెత్తి నిలుచుచున్నాడు. వానికింకను పండ్రెండు సెంటీమీటర్లు తక్కువ. అక్క వానికి చెప్పిన యోదార్పు: "నీకోసం ఇంకోసారి వస్తాం కదరా." మూడు నెలల క్రింద ఆ నోట 'ఇంకోసారి' యను మాట వచ్చియుండదు.

కావున ఎవరో యొకరు చిన్నవానితో క్రింద నుండవలెను. ఆ పని మాదేయని మేము ముందే నిశ్చయించుకొంటిమి. తల్లి యనగా బల్లమీద కూర్చుండి సంచులు కాయునదే గదా! ఈ సందర్భమున నొక కథ చెప్పవలెను. అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరపు గ్రిఫిత్ పార్కులో తన యిద్దరు కూతుండ్రు రంగులరాట్నమెక్కి తిరుగుచుండగా, వాల్టు డిస్నీగారు బల్లమీద కూర్చుండి చూచెడివారు. పెద్దలును పిల్లలును కలిసి యాడుకొనదగిన చోటు ఒకటి యుండవలెనని అక్కడ తోచినదని ఆయనయే చెప్పుకొనిరి. అట్లు పుట్టిన డిస్నీలాండు 1955 జులై 17వ తేదీన తెరువబడెను. ఆనాడు దొంగటిక్కెట్లతో జనము విరుగబడిరి. ఎండకు క్రొత్త తారు కరగి స్త్రీల జోళ్ల మడమలు దిగబడెను. కుళాయిపనివారి సమ్మెవలన త్రాగునీటికి కటకట యైనది. అంత చెడిన దినముతో మొదలైనను అది నేటికిని నడచుచునే యున్నది. మన ప్రయాణమున నొక పూట చెడినచో, ఈ కథ తలచుకొనవలెను.

ఈ కథ మేమే అమ్మాయికి చెప్పితిమి, చెప్పి చిక్కుకొంటిమి. "అయితే నువ్వు బల్లమీదెందుకమ్మా? నువ్వెక్కితేనే నేనెక్కుతాను" అన్నది. మేము నోట మాటలేక నిలిచితిమి. నిజము చెప్పవలెనన్న మాకు భయము. దానికన్న సిగ్గు ఎక్కువ. పంతులుగారి భార్య నీటి యాటల నైలాను దుస్తులు ధరించి, నలుగురిలో కేకలువేయుచు తలక్రిందులుగా తిరుగుటా? కాని ఆలోచింపగా, మమ్మక్కడ ఎరిగినవారెవరు? ఎరిగినను పోయినదేమి? వసారాలో కూర్చుండి గంటలు వినిన ఆ పదమూడేండ్ల పిల్ల ఇరువదియైదేండ్లుగా ఎదురుచూచుచునే యున్నదేమో! మా వారికి ఉయ్యాలబల్ల యూగినను తల తిరుగును. కావున వారును చిన్నవాడును సంచులును బల్లమీద నుండుటకు, మేమును అమ్మాయియు ఎక్కుటకు తీర్మానమైనది. మా యత్తగారు విని, "వెళ్లిరండి. నా తుంటి విరక్కపోతే నేనూ వద్దును" అనిరి.

మీలో ఎవరైన ఇట్టి ప్రయాణము తలపెట్టినచో, మేము వ్రాసికొన్న పట్టికలోని ముఖ్యాంశములివి. గర్భవతులును, గుండెజబ్బు, రక్తపుపోటు, మెడనొప్పి, వెన్నునొప్పి గలవారును పెద్ద యంత్రము లెక్కరాదు. మొగమాటమునకు ఎక్కుట అసలే కూడదు. నూలుబట్టలతో నీటి యాటలకు రానీయని చోట్లు కలవు. తినుబండారములు తేనీయని చోట్లును కలవు. బయలుదేరుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. చిన్నపిల్లల ముంజేతిమీద ఇంటివారి ఫోను నంబరు సిరాతో వ్రాయవలెను. ఎండ ముదిరిన కాలమున మధ్యాహ్నము నీడపట్టున గడపవలెను. దినములో నొక పూట యేమి చేయవలెనో పిల్లలకే విడువవలెను. అన్నిటినీ చూచితీరవలెనను పట్టు వలదు.

మరియొక్క మాట. ఆ మయసభలోనే పాండవులు సుఖముగా నుండిరి. దుర్యోధనుడు పడి, నవ్వులపాలై, మనసు కుళ్లబెట్టుకొనెను. సభ యొక్కటే, లోనికి తీసికొనిపోయిన మనసులే వేరు. గడియగడియకు వెచ్చము లెక్కించుచు పోవు తల్లియు అక్కడ నీటిలో పడును. ఖర్చు ఇంటివద్దనే లెక్కించుకొని, పుస్తకము పెట్టెలో పెట్టి పోవలెనని మమ్ము మేము హెచ్చరించుకొనుచున్నాము.

టిక్కెట్లు దొరకినవి. నాలుగు పడకలును ఒకే పెట్టెలో వచ్చినవి. పరీక్షల పుస్తకముల నడుమ నొక కాగితమున మా యమ్మాయి దినములు కొట్టివేయుచున్నది. దాచవలెనని ప్రయత్నించుచున్నది గాని, మేము చూచితిమి, చూడనట్లున్నాము. మేము తిరిగివచ్చినచో ఆ సంగతులను, మరల నిలిచినచో క్రొత్త తేదీని, వచ్చు నెలలో మీకు విన్నవించుకొందుము. ఆవకాయ జాడీలు అందాక ఎండలో ఆరుచుండును.